దుమ్ములో మెరుపును చూసిన మాస్టారు - లిష్టెన్‌బర్గ్

ప్రత్యేక సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. నాయకుల గురించి, కవుల గురించి రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగమంతా నాటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సబ్‌స్టేషన్లలో టెస్టింగు పెట్టెలు మోసినవాణ్ణి. అందుచేత మా టెస్టింగు వాళ్లకు మూలపురుషుడనదగిన ఒక జర్మనీ మాస్టారిని మీకు పరిచయం చేస్తాను. ఆయన పేరు గేయోర్గ్ క్రిస్టోఫ్ లిష్టెన్‌బర్గ్. మన ప్రాంతం వారు కారు, మన కాలం వారు కారు. అయినా ప్లస్ గుర్తు చూసుకుని టార్చిలైటులో సెల్లు వేసుకునే ప్రతి పెన్షనరూ ఆయనకు ఎంతో కొంత బాకీ ఉన్నట్టే.

ఆయన 1742 జూలై 1న డార్మ్‌స్టాట్ దగ్గర ఓబర్ రామ్‌స్టాట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పదిహేడుమంది సంతానంలో కడగొట్టువారు. ఆ పిల్లల్లో చాలామంది పసితనంలోనే పోయారు. తండ్రి చర్చిలో పాస్టరు, సైన్సు మీద కూడా ఆసక్తి గలవాడు. ఆ తండ్రి 1751లో కన్నుమూశారు. చిన్నతనంలోనే వెన్నెముక వంగిపోయి గూని ఏర్పడింది. మనిషి ఎత్తు పెరగలేదు. వయసు వచ్చేకొద్దీ ఊపిరి ఆడటమే కష్టమైంది. చదివించే స్తోమత లేక తల్లి సంస్థానాధీశునికి అర్జీ పెట్టుకుంటే ఉపకార వేతనం మంజూరైంది. 1763లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మరుసటి సంవత్సరమే తల్లి కూడా పోయారు.

గొట్టింగెన్ ఆనాడు హానోవరు పాలనలో ఉండేది. హానోవరుకు ప్రభువు ఇంగ్లండు రాజైన మూడవ జార్జే. ఆ సంబంధం వల్ల లిష్టెన్‌బర్గ్ 1770లో ఒకసారి, 1774-75లో మరోసారి ఇంగ్లండు వెళ్లివచ్చారు, రాజు ఆదరణ పొందారు. తిరిగివచ్చి భౌతికశాస్త్రం బోధించారు. పుస్తకం తెరిచి చదివి వినిపించే పంతులు కారాయన. పాఠానికొక ప్రయోగం బల్లమీద చేసి చూపించేవారు. ఆ పరికరాలు చాలా వరకు సొంత డబ్బుతో కొన్నవే. సొంత జేబులోంచి టెస్టరు కొనుక్కుని డ్యూటీ చేసిన మన మిత్రులకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. ఆ రోజుల్లో ఎలెక్ట్రోఫోరస్ అనే పరికరం కొత్తగా వచ్చింది. గుగ్గిలం లాంటి రెజినుతో పోసిన పళ్లెం, దాని మీద లోహపు మూత. పళ్లేన్ని బొచ్చుతో రుద్ది, మూత పెట్టి, వేలితో తాకి, మూత ఎత్తితే మూతకు విద్యుత్తు పడుతుంది. అందరూ చిన్నవి చేసుకుంటే ఈయన ఆరడుగుల వెడల్పు గలది చేయించారు. 1777లో దాన్ని నునుపు చేస్తుండగా సన్నని రెజిను పొడి గదంతా లేచి, తరువాత పళ్లెం మీద వాలింది. అది సమంగా పరుచుకోలేదు. అక్కడక్కడ చిన్న నక్షత్రాల్లాగా, చెట్ల కొమ్మల్లాగా కూడుకుంది.

ఇంకొకరైతే గుడ్డ తీసుకుని తుడిచేసేవారు. మనం బుషింగుల మీద బొగ్గు దుమ్మును ఎన్నిసార్లు తుడవలేదు! ఆయన తుడవలేదు. కావాలనే పళ్లెం మీద ఒకచోట విద్యుత్తు తాకించి, పొడి చల్లి మళ్లీ చూశారు. ప్లస్ విద్యుత్తుకు పొడుగాటి కిరణాలు, కొమ్మలు వచ్చాయి. మైనస్ విద్యుత్తుకు గుండ్రటి మచ్చలు వచ్చాయి. ఆ బొమ్మలను జిగురు పూసిన కాగితం మీదికి అద్ది దాచారు. మరుసటి ఏడు ఆ సంగతి ప్రకటించారు. అప్పటిదాకా కొందరు గాజు విద్యుత్తు, రెజిను విద్యుత్తు అనేవారు. ఫ్రాంక్లిన్ ధన, రుణ అనే భావన తెచ్చారు. వాటికి లెక్కల్లోని ప్లస్, మైనస్ గుర్తులు తగిలించింది మాత్రం లిష్టెన్‌బర్గే.

ఇందులో మనకేమిటి పని అని అడగవచ్చు. ఆ కొమ్మలన్నీ ఒకచోట బయలుదేరి, అవతలి కొసకు చేరకుండానే ఆగిపోయిన మెరుపులు. దాన్నే మనం పార్షియల్ డిశ్చార్జి అంటాం. జనరేటరు కాయిల్ చుట్టూ మైకా, ఎపాక్సీ చుట్టి ఉంటాయి. ఆ పొరల మధ్య వెంట్రుకవాసి గాలి బుడగ మిగిలిందనుకోండి. విద్యుత్ ఒత్తిడి చుట్టూ ఉన్న గట్టి పదార్థంలో కంటే బుడగలో సుమారు నాలుగు రెట్లు ఉంటుంది. పైగా గాలి బలహీనమైనది, మామూలుగా మిల్లీమీటరుకు 3 కేవీ దగ్గరే తెగిపోతుంది. బుడగలో చిన్న నిప్పురవ్వ పుడుతుంది. అర్ధ సైకిలుకు ఒక్కటే రవ్వ అనుకున్నా, 50 సైకిళ్ల కరెంటులో సెకనుకు వంద, రోజుకు 86 లక్షల పైచిలుకు. ఒక్క రవ్వ ఏమీ చేయదు. అన్నీ కలిసి ఏళ్ల తరబడి లోపలి గోడను కొరుకుతాయి. ఇన్సులేషన్ ముసలితనం అంటే చాలామటుకు ఇదే. వేడి, అదురు, తేమ దానికి తోడవుతాయి.

మన వైపు యంత్రాలకు ఇది చిన్న విషయం కాదు. రామగుండం బి స్టేషను 62.5 మెగావాట్ల యూనిట్ 1971లో మొదలై 2024 దాకా ఉంది. అదే ఊళ్లో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో వచ్చింది. జైపూర్ దగ్గర సింగరేణి వారి 600 మెగావాట్ల యూనిట్లు రెండు 2016లో వచ్చాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో, బొగ్గు దుమ్ములో యంత్రం వయసు ఎంతో కేలండరు చూసి చెప్పలేం.

నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకు గాని, ఒక కరెంట్ ట్రాన్స్‌ఫార్మరుకు మెగ్గరు పెడితే రీడింగు భేషుగ్గా వచ్చింది. కొన్ని నెలల తరువాత మే నెల మధ్యాహ్నం అది పేలింది. పింగాణీ పెంకులు యార్డంతా చిమ్మాయి. ప్రతి గంటకూ అటువైపు వెళ్లే ఆపరేటరు అప్పుడు కంట్రోలు రూములో మంచినీళ్లు తాగుతున్నాడు కాబట్టి మనకు దక్కాడు. మెగ్గరు పెట్టేది డీసీ. అది తేమను పట్టిస్తుంది గాని లోపలి బుడగను పట్టించదు. బుడగ మాట బుడగ నోటే వినాలి. కప్లింగ్ కెపాసిటరు ద్వారా ఆ చిన్న పల్సును పట్టి కొలుస్తారు. కొలత పీకో కూలుంబులలో, అంటే కూలుంబులో లక్ష కోట్లవ వంతు. ముందు తెలిసిన చార్జి ఎక్కించి మీటరును సరిచూసుకోవాలి. పక్కన వెల్డింగు జరుగుతుంటే రీడింగు నమ్మరాదు.

అంకె చూసి బెంబేలు పడటమూ తగదు. మైకా మొండిది. జనరేటరులో వేల పీకో కూలుంబులు వచ్చినా ఏళ్లు నడుస్తుంది. అదే ప్లాస్టిక్ ఇన్సులేషన్ కేబులులో పదుల్లో వచ్చినా ప్రమాదమే. నా మట్టుకు ఒక్క రీడింగు కంటే, ప్రతి ఏడూ తీసిన రీడింగులు పెరుగుతున్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఇక్కడ మళ్లీ మాస్టారి గుర్తులు పనికివస్తాయి. స్టేటరులో ప్లస్ పల్సులు పెద్దవైతే లోపం స్లాటు వైపు ఉపరితలం మీద, మైనస్ పెద్దవైతే రాగి దగ్గర, రెండూ సమానమైతే ఇన్సులేషన్ మధ్యలో ఉందని అంచనా. ఎక్కడ రిపేరు చేయాలో, అసలు చేయగలమో లేదో దాన్నిబట్టి తేలుతుంది. 1924లో అమెరికాలో పిడుగు సర్జీలను కొలవడానికి చేసిన క్లైడోనోగ్రాఫ్ కూడా ఈ బొమ్మలను ఫోటో ఫిల్ము మీద పట్టేదే.

మాస్టారి మిగతా జీవితం త్వరగా చెబుతాను. 1780లో గొట్టింగెన్‌లో పిడుగు కడ్డీ నిలబెట్టారు. 1784లో వోల్టా స్వయంగా ఆయన ఇంటికి వచ్చారు. హంబోల్ట్, గౌస్ ఆయన పాఠాలు విన్నారు. వ్యాపారులు చిట్టా రాసుకున్నట్టు, తోచిన ప్రతి ఆలోచననూ నోటు పుస్తకాల్లో గీకి పెట్టుకునేవారు. ఆయన పోయిన తరువాత అవి అచ్చయి, విజ్ఞానం కంటే వాటివల్లనే జర్మన్లు ఆయనను ఎక్కువగా తలచుకుంటారు. సగానికి మడిచినా ఆకారం మారని కాగితం కొలత గురించి 1786లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశారు. నేటి ఏ4 కాగితం ఆ లెక్కనే ఉంటుంది. కాగజ్‌నగర్ వాసులు గమనించాలి! విద్యుత్తు ఉన్నచోట పొడి అంటుకోవడమనే ఆ సూత్రంతోనే 1938లో కార్ల్‌సన్ జిరాక్సు పద్ధతి కనిపెట్టారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు జతచేసే నకళ్లన్నీ ఆ చలవే.

1789లో జబ్బు తిరగబెట్టి బతకననుకున్నారు. అప్పటికి కొన్నేళ్లుగా తనతో ఉంటున్న మార్గరెటా కెల్నర్‌ను అదే ఏడు చట్టప్రకారం పెళ్లాడారు. ప్రేమ లేక కాదు, తాను పోతే ఆమెకు వితంతు పెన్షను రావాలని. నామినేషను ఫారం నింపకుండా వాయిదా వేస్తున్న సభ్యులు దయచేసి ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. ఆయన ఆ జబ్బు నుంచి కోలుకుని మరో పదేళ్లు పాఠాలు చెప్పి, 1799 ఫిబ్రవరి 24న 56వ ఏట గొట్టింగెన్‌లో మరణించారు. ఆమె ఆ తరువాత 49 ఏళ్లు జీవించి 1848లో కన్నుమూశారు.