బూటు కరిస్తే బూటే వదిలేశాడు!

కొత్త చెప్పులు కరవడం మనందరికీ అనుభవమే. పెళ్లికో పేరంటానికో ముచ్చటపడి కొనుక్కున్న జత వేసుకుని బయల్దేరతాం. వీధి మలుపు తిరిగేసరికి మడమ దగ్గర మంట మొదలవుతుంది. ఇంటికొచ్చేసరికి బొబ్బ! నాలుగడుగులకే ఇలా ఉంటే, ఆ జతతో 42 కిలోమీటర్లు పరుగెత్తాల్సి వస్తే? అదీ ఒలింపిక్స్‌లో, ప్రపంచమంతా చూస్తుండగా?

1960లో రోమ్ నగరంలో ఇథియోపియా సైనికుడొకడికి సరిగ్గా ఈ ఇబ్బందే వచ్చింది. పేరు అబెబె బికిలా. కరిచే బూట్లు పక్కన పెట్టేసి వట్టి కాళ్లతో పరుగెత్తాడు. బంగారు పతకం గెలిచాడు. ఈ సంగతి చాలామంది వినే ఉంటారు. కానీ ఆ గెలుపు వెనక ఉన్న సాధన, ఆ తర్వాత ఆ కాళ్లకి వచ్చిన కష్టం తెలిసినవాళ్లు తక్కువ.

కొండల్లో పెరిగిన కాళ్లు

అబెబె 1932 ఆగస్టు 7న ఇథియోపియాలో జాతో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజే అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్ మారథాన్ జరిగింది. అబెబె అంటే వాళ్ల అమ్హారిక్ భాషలో వికసించాడు అని అర్థం. మన వికాస్ లాంటి పేరన్నమాట.

పిల్లాడికి మూడేళ్లు వచ్చేసరికి, 1935లో, ఇటలీ నియంత ముస్సోలినీ సైన్యాలు ఇథియోపియా మీద పడ్డాయి. అబెబె కుటుంబం ఊరు వదిలి గొర్రో అనే మారుమూల ప్రాంతానికి వెళ్లి తలదాచుకుంది. అప్పటికే అతని తల్లి వుదినేష్ భర్త నుంచి విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకుంది. కొన్నాళ్లకి అందరూ సొంత ప్రాంతానికి తిరిగొచ్చి వ్యవసాయం చేసుకుని బతికారు. అబెబె చిన్నప్పుడు గెన అనే ఆట బాగా ఆడేవాడు. అది మన హాకీలాంటిదే.

ఇరవై ఏళ్ల వయసులో, 1952 ప్రాంతంలో, రాజధాని అడ్డిస్ అబాబా చేరి చక్రవర్తి హైలె సెలాసీ అంగరక్షక దళంలో సిపాయిగా చేరాడు. అక్కణ్నుంచి సులుల్తా కొండలకు వెళ్లి రావాలంటే దాదాపు 20 కిలోమీటర్లు. ఆ దూరం రోజూ పరుగెత్తేవాడు.

ఈ కుర్రాడు ఒన్ని నిస్కనెన్ కళ్లలో పడ్డాడు. ఫిన్లండ్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన నిస్కనెన్, 1946లో ఇథియోపియా వచ్చి అక్కడి సైనికులకు శిక్షణ ఇస్తున్నాడు. ఊరికే పరుగెత్తడం వేరు, మారథాన్‌కి తయారవడం వేరు. ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు ఓపిక దాచుకోవాలి, పక్కవాణ్ని ఎలా గమనించాలి అనేవన్నీ నిస్కనెన్ దగ్గర నేర్చుకున్నాడు. అడ్డిస్ అబాబా సముద్రమట్టానికి రెండువేల మూడువందల మీటర్లకు పైనే ఉంటుంది. అంత ఎత్తులో గాలి పల్చన. అక్కడ పరుగుకి అలవాటుపడితే రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. అలాంటి మనిషి కిందికి దిగి పరుగెత్తితే ఊపిరి తేలిగ్గా ఆడుతుంది.

సాధనలో అబెబె బూట్లతోనూ పరుగెత్తేవాడు, బూట్లు లేకుండానూ పరుగెత్తేవాడు. ఏళ్ల తరబడి మట్టి మీద, రాళ్ల మీద నడిచిన పాదం అది. అరికాలి చర్మం తోలులా గట్టిపడింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, రోమ్ కథకి ఇదే మూలం.

పెళ్లయిన ఆరు నెలలకే

1960 మార్చి 16న అబెబెకి పెళ్లయింది. సంబంధం కుదిర్చింది తల్లే. పెళ్లికూతురు యెవుబ్‌దార్‌కి అప్పటికి 15 ఏళ్లే. ఆ కాలంలో మన దగ్గరా ఇలాంటి పెళ్లిళ్లు జరిగేవిగా! వాళ్లకి నలుగురు పిల్లలు. అతని చివరి రోజు దాకా ఆ కాపురం నిలిచింది.

ఆ ఏడాది జూలైలోనూ, మళ్లీ ఆగస్టులోనూ అడ్డిస్ అబాబాలో జరిగిన మారథాన్‌లు అబెబె గెలిచాడు. రెండోసారి పట్టిన సమయం 2 గంటల 21 నిమిషాల 23 సెకన్లు. అప్పటి ఒలింపిక్ రికార్డు, చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జటోపెక్‌ది. అబెబె దానికంటే నిమిషంన్నర ముందే ముగించాడు. కానీ బయటి ప్రపంచానికి ఈ పేరే తెలియదు.

రోమ్ చేరాక బూట్ల గొడవ మొదలైంది. కొత్త జత కొన్నారు. అది పాదానికి సరిగా పట్టలేదు, బొబ్బలు లేచాయి. పోటీ చూస్తే ముంచుకొస్తోంది. ఇలాంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? పళ్లబిగువున ఆ జతతోనే కానిచ్చేద్దాం అనుకుంటాం. అబెబె అలా అనుకోలేదు. అలవాటైన వట్టి పాదాలే నయమని తేల్చుకున్నాడు. బూట్లు కొనే స్తోమత లేక అలా పరుగెత్తాడని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. సరిపోని బూటు కన్నా సాధన చేసిన పాదం మేలని ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది.

దివిటీల వెలుగులో

సెప్టెంబరు 10. ఎండ తగ్గాలని పోటీ సాయంత్రం అయిదున్నరకి పెట్టారు. పరుగు మొదలైందీ, ముగిసిందీ స్టేడియంలో కాదు. కాంపిడోలియో దగ్గర బయల్దేరి, పురాతన కట్టడాల పక్కగా సాగి, కాన్‌స్టాంటిన్ విజయతోరణం దగ్గర ముగిసేలా దారి వేశారు. చీకటి పడ్డాక ఆపియన్ మార్గంలో ఇటలీ సైనికులు దివిటీలు పట్టుకుని నిలబడ్డారు. రాళ్లు పరిచిన ఆ దారిలో 11వ నంబరు చొక్కాతో, చెప్పుల్లేని పాదాలతో ఒక సన్నటి మనిషి వెళుతుంటే జనం వింతగా చూశారు.

సగం దూరం అయ్యేసరికి ముందు ఇద్దరే మిగిలారు. ఒకరు అబెబె, రెండోవాడు మొరాకోకి చెందిన రాదీ బెన్ అబ్దెస్సలామ్. పక్కపక్కనే కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తారు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

ఆ దారి చివర్లో ఒక ఎత్తయిన రాతి స్తంభం ఉంది. ఎత్తు దాదాపు 24 మీటర్లు. అది రోమ్‌ది కాదు, ఇథియోపియాలోని అక్సుమ్ నగరానిది. 1937లో ముస్సోలినీ సైన్యం పట్టుకొచ్చి రోమ్‌లో నిలబెట్టుకుంది. ముందే దారి చూడటానికి వెళ్లినప్పుడు అబెబె, నిస్కనెన్ ఆ స్తంభాన్ని గుర్తుపెట్టుకున్నారనీ, వేగం పెంచాల్సింది అక్కడేనని అనుకున్నారనీ చెబుతారు. ఆ చివరి దూరంలోనే అబెబె రాదీని వెనక్కి నెట్టి దూసుకుపోయాడు. 25 సెకన్ల తేడాతో గెలిచాడు. సమయం 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లు. అంతవరకు ప్రపంచంలో ఎవరూ అంత త్వరగా మారథాన్ ముగించలేదు.

ఏ దేశం సైన్యాలొచ్చి పసివాడిగా ఉన్నప్పుడు తమ కుటుంబాన్ని ఊరొదిలేలా చేశాయో, ఆ దేశం రాజధానిలోనే ఆ రాత్రి అబెబె మెడలో పతకం పడింది. నల్లజాతి ఆఫ్రికా దేశం నుంచి వచ్చి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి మనిషి అతనే. అన్నట్టు, ఆ స్తంభాన్ని ఇటలీ 2005లో తిరిగి ఇచ్చేసింది. 2008లో అక్సుమ్‌లో మళ్లీ నిలబెట్టారు.

బూట్లతో ఇంకా వేగంగా

1961లో అబెబె జపాన్‌లోని ఒసాకా మారథాన్‌కి వెళ్లాడు. కోబె నగరంలో బూట్ల కంపెనీ నడిపే కిహచిరో ఒనిట్సుకా అతన్ని కలిసి, తన బూట్లు వేసుకొమ్మని అడిగాడు. పరుగువీరుల పాదాలకి బొబ్బలెందుకొస్తాయో పట్టుదలగా పరిశోధించిన మనిషి ఒనిట్సుకా. లోపల వేడి చేరకుండా గాలి ఆడే బూటు తయారుచేశాడు. ఆ కంపెనీయే తర్వాత ఆసిక్స్ అయింది. వట్టి కాళ్లతో గెలిచినవాడి చుట్టూ బూట్ల కంపెనీలు తిరగడం మొదలైంది!

1963లో అమెరికాలోని బోస్టన్‌లో మాత్రం అబెబె అయిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌కి తయారవుతుండగా కడుపులో నొప్పి. అపెండిసైటిస్ అన్నారు డాక్టర్లు. సెప్టెంబరు మధ్యలో ఆపరేషన్. పోటీ అక్టోబరు 21న! నిండా ఆరు వారాలు లేవు. ఇక ఏం పరుగెత్తుతాడని అందరూ ఆశ వదులుకున్నారు. అబెబె కొద్దిరోజులకే ఆస్పత్రి ఆవరణలో మెల్లగా పరుగు మొదలుపెట్టాడు.

టోక్యోలో ఈసారి పాదాలకి ప్యూమా బూట్లు, తెల్ల మేజోళ్లు. 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో ముగించి మళ్లీ ప్రపంచ రికార్డు సృష్టించాడు. రెండోవాడు స్టేడియంలోకి వచ్చింది నాలుగు నిమిషాల తర్వాత. అంతసేపూ అబెబె గడ్డి మీద వ్యాయామాలు చేస్తూ కనిపించాడు. ఒలింపిక్ మారథాన్‌ని రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి అతనే. బ్యాండు వాళ్లకి ఇథియోపియా గీతం రాక జపాన్ గీతమే వాయించారట.

బూట్లు లేకుండా గెలిచినవాడు బూట్లతో ఇంకా మూడు నిమిషాలు తగ్గించాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? అతనికి బూట్ల మీద పగా లేదు, వట్టి పాదాల మీద మొండి పట్టూ లేదు. పాదానికి ఏది నప్పితే దాన్నే నమ్మాడు.

కాళ్లు ఆగిపోయినా

చక్రవర్తి అతనికి ఇల్లు, ఫోక్స్‌వాగన్ కారు బహూకరించాడు. సిపాయి అధికారి అయ్యాడు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో కాలి గాయంతో 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. ఆ పతకం తోటి ఇథియోపియన్ మామో వోల్డెకి దక్కింది.

1969 మార్చి 22 రాత్రి ఆ ఫోక్స్‌వాగన్ కారే అదుపు తప్పి బోల్తాపడింది. వెన్నుపూస దెబ్బతింది. మొదట మెడ కూడా కదిలేది కాదు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో ఎనిమిది నెలలు ఉన్నాక చేతుల్లో బలం వచ్చింది. కాళ్లు మాత్రం పాపం, ఇక నిలబడలేదు. ప్రపంచమంతా చూసి మురిసిన కాళ్లు అవి! అప్పటికి అతని వయసు 36.

ఇంకొకరైతే ఏడుస్తూ కూర్చునేవారేమో. అబెబె 1970లో చక్రాల కుర్చీలో కూర్చుని స్టోక్ మాండెవిల్ క్రీడల్లో విలువిద్య, టేబుల్ టెన్నిస్ పోటీల్లో పాల్గొన్నాడు. 1971లో నార్వేలో మంచు మీద చేతులతో తోసుకుంటూ సాగే 25 కిలోమీటర్ల బండి పందెం గెలిచాడు. మంచంటే ఏమిటో తెలియని దేశంవాడు! 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి అతిథిగా వెళితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఏడు మారథాన్ గెలిచిన అమెరికన్ ఫ్రాంక్ షార్టర్ దగ్గరికొచ్చి చేయి కలిపాడు.

1973 అక్టోబరు 25న మెదడులో రక్తస్రావమై అబెబె కన్నుమూశాడు. 41 ఏళ్లే. అంత్యక్రియలకు వేలాదిగా జనం వచ్చారు, చక్రవర్తీ వచ్చాడు. 2010లో రోమ్ మారథాన్‌లో అందరికన్నా ముందున్న ఇథియోపియా కుర్రాడు సిరాజ్ గెన, గీత ఇంకా 300 మీటర్లు ఉందనగా ఆగి బూట్లు విప్పేసి, వట్టి కాళ్లతో వెళ్లి గెలిచాడు. రోమ్ విజయానికి అప్పటికి యాభై ఏళ్లు.

మన పాదాల సంగతి

ఈ కథ చదివి రేపు చెప్పులు లేకుండా రోడ్డెక్కకండి! అబెబెది ఏళ్ల అలవాటు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు వట్టి కాళ్లతో నడవనే కూడదు. చిన్న గాయమైనా తెలియకుండా ముదిరిపోతుంది.

ఇక బూట్లు కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి. పగలంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది, పరుగులోనూ అంతే. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు కాబట్టి పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. మేజోళ్లు కూడా వెంట తీసుకెళ్లి వేసుకునే చూడండి. సాధారణంగా ఆడవాళ్ల మడమ సన్నం, అందుకే ఇంట్లో అబ్బాయి వదిలేసిన జత సరిపోదు. అన్నిటికన్నా ముఖ్యం, కొత్త జతని పోటీ రోజున మొదటిసారి వేసుకోవద్దు. కొన్నాళ్లు నడిచి, పరుగెత్తి పాదానికి అలవాటు చేసుకోవాలి.

అబెబె కాలంలో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథానే లేదు. 1984లో గానీ పెట్టలేదు. 1996లో అట్లాంటాలో ఇథియోపియా మహిళ ఫతూమా రోబా ఆ స్వర్ణం గెలిచింది. 2023 సెప్టెంబరులో బెర్లిన్‌లో అదే దేశపు అమ్మాయి టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో మారథాన్ ముగించింది. టోక్యోలో ప్రపంచాన్ని నోరు వెళ్లబెట్టించిన అబెబె సమయం కన్నా 18 సెకన్లు తక్కువ! ఆ రోజు ఆమె కాళ్లకున్న బూటు బరువు 138 గ్రాములు మాత్రమే.