మార్టిన్ లూథర్ కింగ్ గారు ప్రసంగమునకు సిద్ధపడిన విధము



సండేస్కూలు వార్షికోత్సవములకు మన పిల్లలకు వక్తృత్వపు పోటీలు పెట్టుట మన సంఘములలో అలవాటు. పెద్దలు వ్రాసియిచ్చిన కాగితమును పిల్లవాడు కంఠస్థము చేసి, తడబడకుండ అప్పగించినయెడల సిద్ధపాటు ముగిసినదని మనము తలంతుము. అంతమాత్రమేనా సిద్ధపాటు? అమెరికా దేశములో సంఘ కాపరిగానుండిన మార్టిన్ లూథర్ కింగ్ గారి జీవితమునుబట్టి ఈ సంగతి ఆలోచింతము.

ఆయన 1929 జనవరి 15వ తేదీన జార్జియా రాష్ట్రములోని అట్లాంటా పట్టణమున జన్మించిరి. తల్లికి తండ్రియైన తాతగారును, తరువాత తండ్రిగారును అక్కడి ఎబెనేజరు బాప్తిస్టు సంఘమునకు కాపరులు. తల్లి అదే సంఘములో ఆర్గన్ వాయించి గాయక బృందమును నడిపెడిది. కనుక ప్రసంగము ఆ యింట దినదినము వినబడు మాట. అయితే ఆ దినములలో ఆ రాష్ట్రమున నల్లవారికి బడి వేరు, భోజనశాల వేరు, బస్సులో కూర్చుండు చోటును వేరు. అదే అక్కడి చట్టము.

1944 ఏప్రిల్ నెలలో, ఎల్క్స్ అను నల్లజాతివారి సంఘము డబ్లిన్ అను ఊరిలో వక్తృత్వపు పోటీ పెట్టెను. 15 ఏండ్ల మార్టిన్ తన ఉపాధ్యాయురాలు సారా గ్రేస్ బ్రాడ్లీ గారితో అక్కడికి వెళ్లెను. అతడెత్తుకొనిన విషయము నల్లజాతివారును దేశ రాజ్యాంగమును. బానిసత్వము తొలగి 80 ఏండ్లు గడచినను తన జనులకు న్యాయము దొరకలేదని చెప్పుటకు అతడు ప్రసంగమంతయు కంఠస్థము చేసికొనెను. మరియన్ ఆండర్సన్ అను గొప్ప గాయకురాలిని వాషింగ్టన్‌లోని ఒక సభాశాలలో పాడనియ్యకపోగా, 1939లో ఆమె లింకన్ స్మారక మందిరము మెట్లమీద నిలిచి పాడిన సంగతిని కూడ అందులో చేర్చెను.

ఆ రాత్రి బస్సులో తిరిగి వచ్చుచుండగా తెల్లవారు కొందరెక్కిరి. డ్రైవరు ఈ యిద్దరిని లేచి చోటియ్యమనెను. బాలుడు వెంటనే లేవలేదు. డ్రైవరు దుర్భాషలాడెను. ఉపాధ్యాయురాలు బతిమాలగా అతడు లేచెను. అట్లాంటా వరకు సుమారు 90 మైళ్లు ఇద్దరును నిలువుకాళ్లమీద వచ్చిరి. తన జీవితములో అంతటి కోపము ఎన్నడును రాలేదని ఆయన తరువాత చెప్పుకొనిరి. వేదికమీద పలికిన మాటలు సత్యమో కాదో ఆ బస్సులోనే తేలెను. కాగితము నేర్పనిదానిని ఆ ప్రయాణము నేర్పినదని మేము తలంచుచున్నాము.

తరువాత ఆయన మోర్‌హౌస్ కాలేజీలోను, క్రోజర్ సెమినరీలోను చదివిరి. సెమినరీలో మొదటి సంవత్సరము ఉపన్యాస కళలో ఆయనకు వచ్చినవి సాధారణమైన సి గ్రేడులే. బహుమతి రాక చిన్నబోయిన పిల్లలకు తలిదండ్రులు ఈ సంగతి చెప్పవలెను.

1954లో మాంట్‌గోమరీ పట్టణములో డెక్స్టర్ అవెన్యూ సంఘమునకు కాపరియై, ఆదివారపు ప్రసంగమునకు సుమారు 15 గంటలు సిద్ధపడుచుండిరి. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అను స్త్రీ బస్సులో తెల్లవానికి చోటియ్యనందుకు ఖైదు చేయబడెను. 5వ తేదీన నల్లవారు బస్సులెక్కుట మానిరి. ఆ మధ్యాహ్నమే ఆయనను ఉద్యమమునకు అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. రాత్రి హోల్ట్ స్ట్రీట్ చర్చిలో వేలాదిమంది యెదుట మాటలాడవలెను. సిద్ధపడుటకు మిగిలినవి 20 నిమిషములు మాత్రమే. అందులో కొన్ని నిమిషములు భయముతోనే గడచెను. అప్పుడాయన ప్రార్థించిరి. జనులు వెనుదీయకుండ నిలువవలెను, అయినను ఎవరిని ద్వేషింపకూడదు. ఈ రెండును ఎట్లు చెప్పుదునని ఆలోచించి, వ్రాసిన కాగితము లేకయే మాటలాడిరి. జనులు 381 దినములు కాలినడకను, ఒకరి బండిలో ఒకరును పోయిరి. సుప్రీము కోర్టు తీర్పునుబట్టి 1956 డిసెంబరు 21న నల్లవారు బస్సులలో తమకిష్టమైన చోట కూర్చుండిరి.

ఆ 20 నిమిషములు చాలెనా? చాలెను, ఏలయనగా వాటి వెనుక వారము వారము గడిపిన 15 గంటలును, చిన్ననాటి 90 మైళ్లును ఉన్నవి. 1963 ఆగస్టు 28న రెండు లక్షలకు మించిన జనుల యెదుట ఆయన నిలిచిన చోటు ఆ లింకన్ స్మారక మందిరమే. అప్పుడును ప్రసంగము చివరిభాగమును కాగితము విడిచి పలికిరి. ఆ తలంపులను అంతకుముందే ఇతర సభలలో చెప్పియుండిరి. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్ పట్టణములో హంతకుని తుపాకి దెబ్బకు మరణించిరి. అప్పటికాయన వయస్సు 39 ఏండ్లు.

మోషే తాను నోటి మాంద్యము గలవాడనని వెనుదీసినను, మిద్యానులో గొఱ్ఱెలను మేపిన యేండ్లు అతని సిద్ధపాటే గదా. మన పిల్లలకు కంఠపాఠము నేర్పుడి, అది మంచిదే. దానితోకూడ, ఆ మాట తమ ఊరిలో ఎవరికి అవసరమో వారికి చూపుడి. ప్రేమనుగూర్చి పోటీలో మాటలాడు పిల్లవానిని, ముందుగా మంచముపట్టిన ముసలమ్మ ఇంటికి ఒక కడవ నీళ్లు మోసికొని పొమ్మనుడి. తరువాత కాగితము చేతికియ్యుడి.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో నిర్గమకాండము 4వ అధ్యాయము చదువుడి.