బిడ్డ తూకంలో తల్లి బతుకును చూసిన వైద్యుడు

మన పిల్లలు బరువు తక్కువగా ఉంటే తప్పు కొలబద్దదా, వాళ్లు పెరిగే పరిస్థితులదా? నేటికీ తెగని ఈ వాదనలో గట్టి జవాబు చెప్పిన తెలుగువాడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టిన ఆయన విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు. కూనూరు పోషకాహార పరిశోధనశాల నుంచి ఢిల్లీ వెళ్లారు. నేటి హిమాచల్‌ ప్రదేశ్‌లోని కాంగ్డా లోయలో 1956లో మొదలైన అధ్యయనంలో, ఉప్పుకు అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని సహచరులతో కలిసి రుజువు చేశారు. 1969 నుంచి 1979 వరకు ఎయిమ్స్ డైరెక్టర్‌గా, ఆ తర్వాత 1986 వరకు ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు.

పిల్లల బరువుపై ఆయన ముఖ్యమైన మాట పదవీ విరమణ తర్వాత వచ్చింది. ఆఫ్రికా కంటే దక్షిణాసియాలోనే బరువు తక్కువ పిల్లలు ఎందుకు ఎక్కువ? 1996లో యునిసెఫ్ ప్రచురణలో అర్బన్ జాన్సన్, జాన్ రోడ్‌లతో కలిసి ఆయన ఈ చిక్కుముడిని విప్పబోయారు. పేదరికం, శాకాహారం, పంటల కొరత ఈ తేడాకు సరిపడే కారణాలు కావన్నారు. మన పిల్లలది పుట్టుకతోనే చిన్న శరీరమన్న వాదననూ ఒప్పుకోలేదు. తక్కువ బరువుతో పుట్టడం, అపరిశుభ్రత, వీటి వెనుక మహిళల హీనస్థితి అసలు కారణాలని తేల్చారు.

2001 మే 28న ఆయన కన్నుమూశారు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ఎదుగుదల ప్రమాణాలు ప్రకటించింది. వాటి కోసం కొలిచిన ఆరు దేశాల పిల్లల్లో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. మంచి వసతులు, తల్లిపాలు అందినచోట ఐదేళ్లలోపు ఎత్తులో దేశాల మధ్య తేడా స్వల్పమేనని తేలింది.

అయితే తూకం ఎముక, కండ, కొవ్వులను విడదీయలేదు. 2003లో వెలువడిన పుణె అధ్యయనంలో అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణె శిశువుల్లో కండ, పొట్ట కొలతలు బాగా తగ్గినా, వీపు చర్మం మడత మందంలో అంత తేడా లేదు. అంటే గర్భంలో కోల్పోయింది ఎక్కువగా కండే. కొవ్వు లెక్క కావాలంటే చర్మం మడతను కాలిపర్‌తో కొలవాలి, లేదా డ్యుటీరియం కలిపిన నీరు తాగించి లాలాజలం పరీక్షించాలి.

భిలాయ్ ఉక్కునగరం నుంచి శ్రీకాకుళం దాకా అంగన్‌వాడీల్లో వాడేది మాత్రం తూకం, ఎత్తు, జబ్బ చుట్టుకొలతే. బక్కచిక్కిన బిడ్డను పట్టుకోవడానికి అవి చాలు. బరువు పెంచాలని పెట్టే తిండి కండగా మారుతోందా, కొవ్వుగానా అన్నది అవి చెప్పవు. గర్భిణి తిండి, విశ్రాంతి నుంచే లెక్క మొదలుపెట్టాలన్న రామలింగస్వామి వాదనకు అందుకే ఇప్పటికీ పదును తగ్గలేదు.