బొమ్మలతో పాఠము నేర్పిన కాపరి



మన సంఘములలో ఏ యింటికి పోయినను, బడికి పోవు బిడ్డ చేతిలో ఒక బొమ్మల పుస్తకము కనబడును. ఆవు బొమ్మ ప్రక్కన ఆవు అను మాట, ఇల్లు బొమ్మ ప్రక్కన ఇల్లు అను మాట ఉండును. బిడ్డ మొదట బొమ్మను చూచి నవ్వును, పిమ్మట అక్షరమును గుర్తుపట్టును. ఈ పద్ధతి ఎల్లప్పుడును ఉన్నదేయని మనము తలంతుము. అట్లు కాదు. పిల్లలు భయము లేక, చూచి నేర్చుకొనవలెనని తలంచి అట్టి పుస్తకమును సిద్ధపరచినవాడు ఒక సంఘకాపరి. ఆయన స్వదేశమును పోగొట్టుకొన్నవాడు; భార్యాబిడ్డలను పాతిపెట్టినవాడు; రెండు మారులు తన పుస్తకములను మంటల పాలు చేసికొన్నవాడు. ఆయన పేరు జాన్ ఆమోస్ కొమేనియస్. ఈ నెల ఆయన జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

కొమేనియస్ 1592వ సంవత్సరము మార్చి 28వ తేదీన మొరావియా సీమలో జన్మించెను. అది నేడు చెక్ దేశములో చేరియున్నది. ఆయన తలిదండ్రులు సహోదరుల ఐక్య సంఘమునకు చెందినవారు. సత్యము కొరకు 1415లో సజీవముగా దహింపబడిన జాన్ హస్ బోధను అనుసరించినవారు 1457లో స్థాపించుకొన్న సంఘమది. బాలుడు పండ్రెండేండ్లవాడు కాకమునుపో, అయిన వెంటనేయో, తలిదండ్రులిద్దరును చనిపోయిరి. ఇద్దరు అక్కచెల్లెండ్రును పోయిరి. బంధువుల యింట చేరెను గాని, ఆ పట్టణము కూడ 1605లో దండెత్తి వచ్చిన సైనికులచేత పాడుచేయబడెను. చదువు ఆగిపోయెను.

1608లో, పదునారేండ్ల వయస్సున, ఆయన ప్రెరోవ్ పట్టణములోని లాటిన్ పాఠశాలలో చేరగలిగెను. ఆలస్యముగా చేరుటయే ఆయనకు మేలైనది. ఈడు వచ్చినవాడు గనుక, తన ప్రక్కన కూర్చున్న చిన్నవారు ఎంత బాధపడుచున్నారో కనిపెట్టగలిగెను. అర్థము తెలియని లాటిన్ సూత్రములను వల్లెవేయుట, తప్పినయెడల బెత్తపు దెబ్బలు తినుట, ఇదియే ఆనాటి చదువు. పాఠము రాకపోవుట పిల్లవాని దోషము కాదు, పాఠము చెప్పు తీరులోనే దోషమున్నదని ఆయన మనస్సునకు తోచెను. ఆ తలంపు చివరివరకు ఆయనను విడువలేదు.

జర్మనీలో హెర్బోర్న్, హైడెల్‌బర్గ్ పట్టణములలో పై చదువులు చదివి, 1614లో తిరిగివచ్చి, తాను చదివిన బడిలోనే ఉపాధ్యాయుడాయెను. 1616లో పరిచర్యకు అభిషేకము పొందెను. 1618లో ఫుల్నెక్ అను ఊరిలో కాపరిగా నియమింపబడెను. అక్కడ బడిని కూడ చూచుకొనుచుండెను. అప్పటికే వివాహమైనది. ఇక కాపురము కుదురుపడినదని ఎవరైనను అనుకొందురు.

ఆ సంవత్సరమే ముప్పది యేండ్ల యుద్ధము ఆరంభమాయెను. 1620 నవంబరు 8వ తేదీన ప్రేగ్ నగరము చెంత జరిగిన యుద్ధములో ప్రొటెస్టంటు సైన్యము ఓడిపోయెను. 1621లో సైనికులు ఫుల్నెక్‌ను దోచుకొనిరి. కొమేనియస్ ప్రాణము దక్కించుకొనుటకై పారిపోయి దాగుకొనెను. ఆయన పుస్తకములు కాల్చివేయబడెను. 1622లో ఆయన భార్యయు, ఇద్దరు పసిబిడ్డలును తెగులువలన మరణించిరి. ముప్పది యేండ్ల ప్రాయమున ఆయన మరల ఒంటరివాడాయెను.

అట్టి దినములలో ఆయన తన మాతృభాషలో ఒక గ్రంథము వ్రాసెను. ఒక బాటసారి లోకమను పట్టణమంతయు తిరిగి, ఎక్కడను నెమ్మది కానక, తుదకు తన హృదయములోనే క్రీస్తును కనుగొనిన కథ అది. చెక్ వారు నేటికిని దానిని ప్రీతితో చదువుదురు.

1628లో ఆయన తన సంఘస్థులతో కలిసి సరిహద్దు దాటి పోలండు దేశములోని లెష్నో పట్టణమును చేరెను. పుట్టిన దేశములో మరల కాపురముండుట ఆయనకు లభింపలేదు. నిరాశ్రయులైన ఆ జనులలో ఆయన పిల్లలకు పాఠము చెప్పుచు, పాఠ్యపుస్తకములు వ్రాయుచుండెను. 1631లో లాటిన్ భాష నేర్చుకొనుటకు ఆయన వ్రాసిన పుస్తకము అనేక భాషలలోనికి తర్జుమా చేయబడి, ఆయన పేరు ఐరోపా అంతటను వ్యాపింపజేసెను. 1632లో ఆయన తన సంఘమునకు బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. బీదవారు, ధనికులు, మగపిల్లలు, ఆడపిల్లలు అను భేదము లేక అందరును చదువవలెననియు, మొదట మాతృభాషలో నేర్వవలెననియు, వస్తువును చూపిన పిమ్మటనే దాని పేరు చెప్పవలెననియు ఆయన బోధించెను. ఆరేండ్లవరకు తల్లి ఒడియే బిడ్డకు పాఠశాల అని తల్లుల కొరకు కూడ ఒక పుస్తకము వ్రాసెను.

1641లో ఇంగ్లాండువారు ఆయనను లండనుకు పిలిచిరి గాని, అక్కడను అంతర్యుద్ధము వచ్చెను. పిమ్మట స్వీడన్ దేశపు బడులకు పుస్తకములు వ్రాసి యిచ్చెను. ఆ దేశపు సహాయముతో తన జనులు స్వదేశము చేరుదురని నిరీక్షించెను. 1648లో యుద్ధము ముగిసి సంధి జరిగెను గాని, ఆయన జనుల స్వాతంత్ర్యము ఆ సంధిలో చేర్చబడలేదు. ఆ సంవత్సరమే ఆయన రెండవ భార్యయు మరణించెను.

1650లో హంగేరీ దేశములోని షారోష్‌పటాక్ పాఠశాలను సంస్కరించుటకు ఆయన పిలువబడెను. అక్కడ నాలుగేండ్లున్నప్పుడే బొమ్మల పుస్తకమును సిద్ధపరచెను. ఆ బొమ్మలను చెక్కగల పనివారు ఆ ఊరిలో లేనందున దానిని జర్మనీలోని న్యూరెంబర్గుకు పంపవలసివచ్చెను. 1658లో అది ఆర్బిస్ పిక్టుస్ అను పేరుతో అచ్చయి వెలువడెను. కంటికి కనబడు లోకమును బొమ్మలలో చూపుట అని ఆ పేరుయొక్క భావము.

దానిలో 150 పాఠములున్నవి. ప్రతి పాఠమునకు ఒక చెక్క అచ్చు బొమ్మ కలదు. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలనే క్రింది వాక్యములలోని మాటలకును వేసిరి. బిడ్డ మాటను చదివి, అంకె పట్టుకొని బొమ్మలో ఆ వస్తువును వెదకుకొనును. లాటిన్ ప్రక్కన మాతృభాష ఉండును. అక్షరములను కూడ శబ్దములతోనే నేర్పెను. కాకి, గొఱ్ఱెపిల్ల, బాతు, తోడేలు, ఒక్కొక్కటి అరచు అరపులో ఒక్కొక్క అక్షరము వినబడును. మొదటి పాఠము దేవునిగూర్చియు, చివరి పాఠము అంత్య తీర్పునుగూర్చియు ఉన్నవి. ఆ రెంటి నడుమ నిప్పు, నీరు, చెట్లు, పక్షులు, దున్నువాడు, తేనెటీగలు, రొట్టెలు కాల్చువాడు, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి అందరును ఉన్నారు. కంటికి కనబడని ఆత్మను ఎట్లు చూపవలెను? దానికి చుక్కలతో మనుష్యాకారమును గీయించెను. రాజుల మాటే గాక, చెమట కార్చి పనిచేయువారి పనియు పిల్లలు నేర్వదగిన పాఠమని ఎంచెను. పొలములలో పనిచేయు మనము దీనిని గమనింపవలెను.

అయితే పుస్తకము అచ్చుకాకమునుపే మరియొక దెబ్బ తగిలెను. ఆయన లెష్నోకు తిరిగివచ్చిన పిమ్మట, 1656 ఏప్రిలులో ఆ పట్టణము కాల్చివేయబడెను. నలువది సంవత్సరములకు పైగా కూర్చిన తన మాతృభాషా నిఘంటువు బూడిదయాయెను. ఆ నష్టమును ఆయన చివరివరకు మరువలేదు. ఇందు ఆయన తప్పిదము లేదని మేము చెప్పము. పోలండుపై దండెత్తిన స్వీడన్ రాజును పొగడుచు ఆయన వ్రాసిన వ్రాత, ఆశ్రయమిచ్చిన దేశస్థుల కోపమును రేపెను. స్వదేశము తిరిగి వచ్చునని పలికిన కొందరి ప్రవచనములను నమ్మి అచ్చువేయించి, ఆయన నిందపాలాయెను. ఇల్లు చేరవలెనను ఆశ భక్తిపరుని కన్నులను సైతము మసకపరచగలదు. మనమును జాగ్రత్తపడవలెను.

ఆయన చివరి దినములు హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరములో గడచెను. 1670 నవంబరు 15వ తేదీన అక్కడ నిద్రించెను. నార్డెన్ పట్టణములోని దేవాలయములో ఆయనను సమాధిచేసిరి. తన సంఘము తనతోనే అంతరించునని ఆయన భయపడెను. అది జరుగలేదు. 1722లో మొరావియానుండి పారిపోయివచ్చిన విశ్వాసులు జర్మనీలో హెర్న్‌హూట్ అను గ్రామమును కట్టుకొనిరి. ఆయన మనుమడగు బిషప్పు యబ్లోన్‌స్కీ ద్వారా ఆ పూర్వపు అభిషేకము వారికి అందెను. 1732లోనే వారు పశ్చిమ ఇండీసు దీవులలోని బానిసలకు సువార్త చెప్పుటకు మిషనెరీలను పంపిరి. బొమ్మల పుస్తకమును ఐరోపా పిల్లలు రెండు వందల యేండ్లవరకు చదివిరి. మహాకవి గేటే బాల్యములో చదివిన పుస్తకములలో అది యొకటి. చెక్ దేశములో ఆయన జన్మదినమే ఉపాధ్యాయ దినము.

ప్రియులారా, మన ప్రభువు కూడ ఆకాశపక్షులను, అడవిపువ్వులను, విత్తువానిని చూపి పాఠము చెప్పెను. శిష్యుల నడుమ ఒక చిన్నబిడ్డను నిలువబెట్టెను. కొమేనియస్ ఆ బోధకుని అడుగుజాడలను పట్టుకొన్నాడు. తన బిడ్డలను పాతిపెట్టిన చేతులతోనే లోకములోని బిడ్డలందరికి పుస్తకము వ్రాసెను. దుఃఖము కొందరిని కఠినులను చేయును, ఆయనను మాత్రము పిల్లలయెడల మెత్తనివానిగా చేసెను.

మన యిండ్లలో చదువు రాని తల్లియు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, పుస్తకములోని బొమ్మను వ్రేలితో చూపి దాని పేరు చెప్పగలదు. సండే స్కూలులో పాఠము అప్పగింపలేని పిల్లవానిని గద్దించుటకు ముందు, మనము చెప్పిన తీరు వానికి అర్థమైనదా అని అడుగుకొందము. పంట పోయిన యేడు పిల్లను బడి మాన్పించుటకు ముందు, ఇల్లూ ఊరూ కాలిపోయినను పాఠము మానని ఈ కాపరిని జ్ఞాపకము చేసికొందము. చిన్నబిడ్డలను ప్రేమించిన ప్రభువు మనకును అట్టి ఓర్పును అనుగ్రహించునుగాక. ఆమేన్.