నేలను కాచిన బెన్నెట్

హ్యూ హామండ్ బెన్నెట్ 1881లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున, ఆన్సన్ జిల్లాలో రైతుకుటుంబమున జన్మించెను. ప్రభుత్వమున నేలలను పరీక్షించు ఉద్యోగియై, 1905లో వర్జీనియాలో ప్రక్కప్రక్కనున్న రెండు భూములను చూచెను. అడవినేల మెత్తగా నుండెను. దున్నిన నేల గట్టిపడియుండెను. వానలకు పైమన్ను పలుచని పొరగా కొట్టుకొనిపోవుచున్నదని ఆతడు గ్రహించెను.

నేల తరుగని ధనమని నాటి అధికారులు తలచుచుండిరి. 1935లో మైదానముల దుమ్ముతుపాను రాజధానియైన వాషింగ్టన్ వరకు రాగా పాలకులు మేల్కొని, భూసంరక్షణకు శాసనము చేసి, ఒక శాఖను నెలకొల్పి, బెన్నెట్‌ను అధిపతిగా నియమించిరి.

వాననీరు పొలముగట్లను లెక్కచేయదు. ఎగువపొలమున పడిన గండి దిగువపొలమును కోయును. కావున రైతులు మండలులుగా కూడి, వాలునకు అడ్డముగా దున్ని, పచ్చిక పెంచి, తమ నేలను తామే కాపాడుకొనవలెనని ఆతడు బోధించెను. 1937లో మొదటి మండలి ఆతడు పుట్టిన ఆన్సన్ జిల్లాలోనే వెలసెను. 1960లో బెన్నెట్ మరణించెను. నేడు అమెరికాలో అట్టి మండలులు దాదాపు 3,000 కలవు.