బలమును దాచుకొనని పరుగు: ఎరిక్ లిడెల్

వేగముగా పరుగెత్తు ప్రతి పరుగును స్ప్రింట్ అనుటకు వీలులేదు. దేహములోని బలమంతటిని, ఏమియు దాచుకొనక, ఒక్కసారిగా వెచ్చించుటయే నిజమైన స్ప్రింట్. అట్టి వేగమును మానవ దేహము కొన్ని సెకండ్లు మాత్రమే నిలుపుకొనగలదు. అందుచేతనే 400 మీటర్ల పందెములో మొదటి సగమున కొంత బలమును మిగుల్చుకొనుట ఆ కాలపు వాడుక. ఆ వాడుకను మీరినవాడు ఎరిక్ లిడెల్.

ఆయన 1902లో చైనాలోని టియెన్‌సిన్ నగరమున స్కాట్లండు మిషనరీ దంపతులకు జన్మించెను. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున చదువుచు, 1923లో 100 గజములను 9.7 సెకండ్లలో పరుగెత్తి బ్రిటిషు రికార్డు నెలకొల్పెను. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు విసరుచు పరుగెత్తు ఆయన తీరు చూపరులకు వింతగా నుండెడిది. అదే సంవత్సరము స్టోక్‌లో 440 గజముల పందెమున ఆరంభములోనే పడిపోయి, లేచి, అందరిని దాటి గెలిచెను.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పరుగులు జులై 6, ఆదివారమున జరుగునని కొన్ని నెలల ముందే తెలియవచ్చెను. ప్రభువు దినమున పరుగెత్తుట కాదని, తనకు మిక్కిలి చేతనైన ఆ పందెమును ఆయన విడిచిపెట్టి, 400 మీటర్లకు సిద్ధపడెను. విమర్శలు వచ్చినను మనస్సు మార్చుకొనలేదు. జులై 11న తుది పందెములో ఆయనకు వెలుపలి వరుస లభించెను. అక్కడినుండి తోటివారు కనబడరు. మొదటి 200 మీటర్లను 22.2 సెకండ్లలో స్ప్రింట్‌గానే ముగించెను. నడుమ కూలిపోవునని తలంచినవారి యెదుటనే 47.6 సెకండ్లలో స్వర్ణ పతకము గెలిచెను.

మరుసటి సంవత్సరమే కీర్తిని విడిచి చైనాకు వెళ్లి, బడిపిల్లలకు విజ్ఞానశాస్త్రము బోధించెను, 1932లో గురుపట్టాభిషిక్తుడాయెను. యుద్ధ భయము పెరుగగా 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపివేసెను. అక్కడ పుట్టిన మూడవ కుమార్తెను ఆయన ఎన్నడును చూడలేదు.

1943లో జపానువారు ఆయనను వేయ్‌షియెన్ శిబిరమున నిర్బంధించిరి. అచ్చట పిల్లలకు పాఠములు చెప్పి, ఆటలాడించెను. ఒక ఆదివారము పిల్లలు ఆటలో కలహించుకొనగా, తదుపరి ఆదివారము ఆయనే వచ్చి తీర్పరిగా నిలిచెను. తన ఘనతకొరకు మీరనొల్లని నియమమును పిల్లల మేలుకొరకు సడలించెను. మెదడులోని కణితివలన 1945 ఫిబ్రవరి 21న, 43వ యేట, శిబిరము విడుదల కాకమునుపే కన్నుమూసెను.

ప్రియ పాఠకులారా, మనము దేనికొరకు బలము దాచుకొనుచున్నామో యోచింతము.