నాట్యగురువు బాలసరస్వతి

తంజావూరు నాయకరాజుల కాలమున తెలుగు భాష తమిళదేశపు సంగీత నాట్యములలో గొప్ప స్థానము సంపాదించెను. క్షేత్రయ్య పదములను తరతరములుగా కంఠస్థము చేసి కాపాడిన కుటుంబములు అచ్చట కలవు. అట్టి కుటుంబమున బాలసరస్వతి 1918 వ సంవత్సరమున మద్రాసులో జన్మించెను. ప్రసిద్ధ వైణికురాలు వీణ ధనమ్మాళ్ ఆమెకు మాతామహి. తల్లి జయమ్మాళ్ గొప్ప గాయని.

బాలసరస్వతి పసితనముననే కందప్ప పిళ్ళె యొద్ద భరతనాట్యము నేర్వసాగెను. ఆ గురువు మిక్కిలి కఠినుడు. అడుగు తప్పినచో సహించెడివాడు కాడు. 1925 లో, ఏడేండ్ల ప్రాయమున, ఆమె కాంచీపురమున తొలి ప్రదర్శన మిచ్చెను.

ఆ దినములలో దేవదాసీ కుటుంబములవారి నాట్యమును సంఘము చిన్నచూపు చూచుచుండెను. ఆ వ్యవస్థ వలన స్త్రీలకు కలుగు అన్యాయమును తొలగింప సంస్కర్తలు పోరాడిరి. 1947 లో మద్రాసు రాష్ట్రమున చట్టము వెలసెను. కాని దురాచారముతో పాటు కళయు నశించునేమో యను భయము కలిగెను. కందప్ప పిళ్ళె 1941 లోనే మరణించియుండెను. బాలసరస్వతి మాత్రము తాను నేర్చిన విద్యను విడువలేదు. 1953 లో మద్రాసు సంగీత అకాడమీ ఆశ్రయమున నాట్యపాఠశాల నెలకొల్పి బోధింప నారంభించెను.

1962 లో ఆమె అమెరికాకు వెళ్ళెను. ప్రదర్శనలతో తృప్తి చెందక, కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయము మొదలగు చోట్ల పాఠములు చెప్పెను. ఆమె సోదరులు రంగనాథన్ మృదంగమును, విశ్వనాథన్ వేణువును ఆ విశ్వవిద్యాలయముననే నేర్పిరి.

పదాభినయమున గాయకులు ఒక్క పంక్తినే మరల మరల పాడుచుండగా, నర్తకి ప్రతిసారియు క్రొత్త భావమును ముఖమునందును హస్తములందును చూపవలెను. తెలుగు, తమిళము తెలియని శిష్యులకు ఇది మిక్కిలి కష్టము. అయినను వారి మెప్పు కొరకు ఆమె కళను మార్చలేదు. సంగీతము లేని నాట్యము అసంపూర్ణమని ఆమె విశ్వాసము. ఏ దేశమువారైనను శ్రద్ధ కలవారికి ఈ విద్య అలవడునని ఆమె తన బోధన చేతనే నిరూపించెను.

1965 తరువాత అనేక భారతీయ కుటుంబములు అమెరికాకు వలస పోయెను. అచ్చట తమ బిడ్డలకు నాట్యము నేర్పించుట నేడు సామాన్య విషయము. అట్టి గురువులు అరుదైన కాలముననే బాలసరస్వతి అచ్చట విత్తనము నాటెను.

1973 లో సంగీత అకాడమీ, సంగీత విద్వాంసులకిచ్చు సంగీత కళానిధి బిరుదమును నర్తకియైన ఆమెకిచ్చెను. 1976 లో సత్యజిత్ రాయ్ ఆమెపై చలనచిత్రమును నిర్మించెను. 1977 లో పద్మవిభూషణ పురస్కారము లభించెను. 1984 ఫిబ్రవరి 9 న ఆమె మద్రాసులో కన్నుమూసెను. పుట్టిన ఊరిలో నిరాదరణ పొందిన విద్యను సముద్రముల కావల కూడ గౌరవపాత్రము చేసిన ఆ గురువు చిరస్మరణీయురాలు.